సిగ్నల్ లేకపోతే కూలి పోవాలా?
(మద్దిలపాలెం సభలో ప్రసంగ పాఠం)

ఈ మద్దిలపాలెంలో ఫోను తీస్తే మనం ఏ వీధిలో ఉన్నామో ఇట్టే చూపిస్తుంది. పాడేరు కొండల్లో అలా కాదు. వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగతా ఉపాధి హామీ పనులన్నిటికీ 2023 జనవరి 1 నుంచి ఎన్.ఎం.ఎం.ఎస్. యాప్ హాజరు తప్పనిసరి చేశారు. మేటు పనిచోట నిలబడి రోజుకు రెండు ఫొటోలు తీయాలి. చోటు, సమయం వాటితోపాటే వెళ్లాలి. చోటు తెలియడానికి నెట్ అక్కర్లేదంటారు, నిజమే. కానీ నెట్ అందని చవక ఫోను చెట్ల కింద ఉపగ్రహాలను పట్టుకునేసరికి నిమిషాలు గడుస్తాయి. పట్టుకున్నా, ఫొటో పంపాలంటే టవరు కావాలి కదా! ఛార్జింగు, డేటా ఖర్చు సంగతి సరేసరి. తవ్విన మట్టి ఎక్కడికీ పోదు, వచ్చి కొలుచుకోండి. యాప్ వద్దని మేం అనడం లేదు. సిగ్నల్ అందని చోట కాగితం మస్టరు చెల్లుతుందని రాసివ్వమంటున్నాం. ఆ రోజు కూలి కోయొద్దంటున్నాం.