లెక్కలోనే తప్పు పెట్టుకుని

(అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



నాకు పదేళ్లప్పుడు మా అమ్మకు జ్వరం తగ్గకపోతే సర్కారు ఆస్పత్రికి వెంట పోయాను. డాక్టరు అడిగిన మొదటి మాట "ఏ పేట?" అని. చెప్పాక ఆయన గొట్టం చెవిలో పెట్టుకోనేలేదు. కాంపౌండరు మాత్రలు పైనుంచి కొంగులోకి జారవిడిచాడు. దారిలో అమ్మ, "డాక్టరు మంచోడేరా, కసురుకోలా" అంది. ఇవాళ నేను మాట్లాడేది ఆ మంచోళ్ల గురించే.

కొంచెం అమెరికా సంగతి చెప్పాలి. మనకెందుకు అనుకోవద్దు. 1972లో బొంబాయిలో మనవాళ్లు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది అక్కడి బ్లాక్ పాంథర్లను చూసే. వాళ్లనగానే అందరూ తుపాకులే చెబుతారు. వాళ్లు నల్లవాళ్ల వాడల్లో ఉచిత వైద్యశాలలు నడిపారు, సికిల్ సెల్ జబ్బుకు రక్తపరీక్షలు చేశారు. ఆస్పత్రులు పట్టించుకోలేదు గనకే చేశారు.

ఆ 1972లోనే టస్కిగీ బండారం బయటపడింది. అలబామా రాష్ట్రంలో ప్రభుత్వ ఆరోగ్య శాఖే 1932 నుంచి 40 ఏళ్లపాటు సుమారు 600 మంది నల్ల మగవాళ్లను పరిశీలనలో పెట్టింది. అందులో 399 మందికి సవాయి రోగం. జబ్బు పేరు చెప్పలేదు, "చెడ్డ నెత్తురు" అన్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పేనాటికి బతికున్నది ఎనిమిది మంది. నల్ల డాక్టర్లను తరాలపాటు దూరం పెట్టినందుకు అక్కడి డాక్టర్ల సంఘం 2008లో క్షమాపణ చెప్పింది. సరే, చెప్పారు. తర్వాత?

టస్కిగీలో దుర్మార్గం కంటికి కనపడుతుంది. కిడ్నీల సంగతి చూడండి. కిడ్నీ ఎంత పనిచేస్తుందో రక్తపరీక్ష నుంచి లెక్కగట్టే సూత్రం ఒకటి 1999లో వచ్చింది. నల్లవాళ్లకు కండ ఎక్కువుంటుందని అనుకుని, రోగి నల్లవాడైతే వచ్చిన అంకెను సుమారు 1.2తో హెచ్చవేసేవాళ్లు. కిడ్నీ మార్పిడి వరసలో రోజులు లెక్కకు రావాలంటే ఆ అంకె 20కి దిగాలి. తెల్లాయనకు 18 వస్తే వరసలో నిలబడ్డాడు. అదే నెత్తురు ఉన్న నల్లాయనకు 21 దాటింది, "నీకింకా బాగానే ఉందయ్యా, పోయిరా" అన్నారు. లెక్క వేసినవాడు నల్లవాళ్లను ద్వేషించనక్కర్లేదు. మీట నొక్కితే చాలు. (నేను పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి, హెచ్చవేతకు ఇంత పాపం ఉంటుందని నాకూ తెలీదు.)

నల్లజాతి వైద్య విద్యార్థులు, డాక్టర్లు ఏళ్ల తరబడి గొడవ చేశాక 2021లో కిడ్నీ వైద్య సంఘాలు ఆ సూత్రం పనికిరాదన్నాయి. అంతటితో వదల్లేదు. 2023 నుంచి మార్పిడి ఆస్పత్రులన్నీ పాత రికార్డులు తిరగేసి, ఆ లెక్క వల్ల వెనకబడ్డ నల్లరోగులు ఎవరో వెతికి, పోయిన రోజుల్ని వాళ్ల వరసలో మళ్లీ కలపాలని నిబంధన పెట్టారు. ఈలోపు చచ్చిపోయినవాళ్లకు ఏం కలుపుతారు, అది వేరే మాట. కానీ తప్పు చేసిన సంస్థే తన రికార్డు తాను తెరిచింది. నాకు కావలసింది అదీ.

మన దగ్గర అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరిలో అమల్లోకి వచ్చింది. దళితుల్ని ఆస్పత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రాకుండా అడ్డుకుంటే నేరం అని అందులో రాసుంది. గుమ్మం దాటించడానికి అది పనికొస్తుంది. లోపలికి పోయాక ఎవరి మీద చెయ్యేసి చూశారు, ఎవర్ని చూపుతోనే పంపేశారు, ఎవర్ని పెద్దాస్పత్రికి రాశారు, ఎన్నోరోజున రాశారు? డాక్టరు మంచోడా కాదా అన్న గొడవ మనకొద్దు. రిజిస్టరు ముందేసుకుని ఆస్పత్రివాళ్లే లెక్క తియ్యాలి, పేటల వారీగా, మనకి చూపించాలి.

వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఈ అర్జీతోనే పోతున్నాం. ఓపీ చీటీలు, రాసిచ్చిన కాగితాలు ఏ చూరులో దోపి ఉన్నా వెతికి పట్టుకురండి. పురుడు పోసుకున్న ఆడకూతుళ్లు తప్పకుండా రావాలి. చదవలేనివాళ్ల కాగితాలు ఆదివారం సాయంత్రం బడి దగ్గర నేను చూసిపెడతాను.