ఎడ్యుకేషన్ చదివితే టీచరు పని ఒకటేనా?



మన సింగానల్లూరు ఇండ్లలో పిల్ల డిగ్రీ ముగించగానే ఒకటే మాట: "బి.ఎడ్. చదివించండి, టీచరు పని వస్తుంది." మంచి మాటే. అయితే బి.ఎడ్. ముగించి, టెట్ రాసి, పోస్టింగుకని ఏండ్లుగా కాచుకున్న బిడ్డలు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్ళను చూసి చదువే దండగ అనుకుంటున్నాము. అది సరి కాదు.

ఎడ్యుకేషన్ అంటే మనిషి ఎట్లా నేర్చుకుంటాడో తెలిపే శాస్త్రం. మన మగ్గం దగ్గరే చూడండి. బిడ్డకు మొదట కండెలు చుట్టేది చూపిస్తాము, తెగిన పోగు ముడివేయనిస్తాము, చేయి కుదిరినాకే నాడె ఇస్తాము. ఏది ముందు, ఏది వెనుక అని తెలిసి నేర్పినాము. ఆ వరుసను ఆలోచించి రాసిపెట్టేదే ఈ చదువు.

అది తెలిసినవాళ్ళకు బడి బయట కూడా పని ఉంది. పాఠ్యపుస్తకాల తయారీ, కంప్యూటరు పాఠాల రూపకల్పన, కంపెనీల్లో కొత్తవాళ్ళకు శిక్షణ, స్వచ్ఛంద సంస్థల విద్యా పనులు, వైకల్యమున్న పిల్లలకు ప్రత్యేక విద్య ఇట్లాంటివే.

మన కోయంబత్తూరు అవినాశిలింగం మహిళా విశ్వవిద్యాలయంలో ఎడ్యుకేషన్, ప్రత్యేక విద్య రెండూ ఉన్నాయి. బెంగళూరు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఏ డిగ్రీ చదివినవారైనా ఎం.ఏ. ఎడ్యుకేషన్‌కు అప్లై చేయవచ్చు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు సహాయం ఉంది. పనికి పోతూ చదివేవారికి ఇగ్నోలో దూరవిద్య ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఎం.ఏ. ఎడ్యుకేషన్ బి.ఎడ్.కు బదులు కాదు. పై తరగతులకు టీచరు ఉద్యోగమే కావాలంటే బి.ఎడ్. చదవవలసిందే. ప్రత్యేక విద్య కోర్సుకు భారత పునరావాస మండలి గుర్తింపు ఉందా అని ఫీజు కట్టే ముందే అడగండి.

ఇంకొక మాట. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం నిర్బంధమైంది. తమిళం మనకు కావాలి, సందేహమే లేదు. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లల్లో ఎంతోమందికి తెలుగు అక్షరం రాదు. ఆంధ్ర వాచకం తెచ్చిస్తే ఆ మాటలు మన ఇంటి మాటలుగా లేవు. మన యాసనుంచి మొదలుపెట్టి అక్షరానికి తీసుకుపోయే వాచకం ఎవరు రాస్తారు? ఈ చదువు చదివిన మన ఇంటి బిడ్డే రాయాలి.

కాబట్టి పిల్ల "ఎడ్యుకేషన్ చదువుతాను" అంటే "టీచరు పోస్టు వస్తుందా?" అని ఒక్క ప్రశ్నతో ఆపకండి. "ఎవరికి, ఏమి నేర్పాలని ఉందమ్మా?" అని కూడా అడగండి.