బడిపంతులు నేర్పిన బంతియాట

మంజీరా నదిపై 1923 మొదలు 1931 వరకు నిర్మించిన నిజాంసాగరము మా బాన్సువాడ ప్రాంతమునకు అన్నదాత. వర్షమెంత కురిసినను, నిలుపు ఆనకట్టయు, అదను తెలిసి విడిచే తూములును లేనిదే పొలము పండదు. పిల్లలలోని శక్తియు అట్టిదే. కోతలైన మళ్లలో బంతి వెంట పరుగెత్తు బాలురను చూచినపుడెల్ల మాకు తోచు ప్రశ్న ఒక్కటే: ఈ శక్తిని నిలిపి దారిపెట్టు వారెవరు? మన బడులలో డ్రిల్లు మాస్టరుకు లెక్కల పంతులుకున్న గౌరవము లేదు. ఆటలు చదువుకు చెరుపని తలచు తలిదండ్రులును తక్కువేమీ కాదు.

అమెరికాలో మరొక తీరు గలదు. అక్కడ ఫుట్‌బాల్ అనగా కోలగా నుండు బంతిని చేత పట్టి ఆడు ఆట. లూసియానా రాష్ట్రములోని గ్రాంబ్లింగ్ అను చిన్న కళాశాలలో ఎడ్డీ రాబిన్సన్ 1941 నుండి 1997 వరకు శిక్షకుడుగా నుండి, 408 పోటీలలో తన జట్టును గెలిపించినాడు. ఒకేచోట అన్నేళ్లు నిలిచిన గురువు వలన ఆ చిన్న కళాశాల పేరు దేశమంతట మారుమ్రోగినది.

అట్టివాడు మనకును ఉండినాడు. ఆయన హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, నగరములోని పాఠశాలలలో పంతులుగా పనిచేసినారు. లోకులు ఆయనను రహీం సాబ్ అని ఆదరముతో పిలిచినారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, 1950 నుండి నగర పోలీసు జట్టుకు శిక్షణ నిచ్చినారు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొన్నది.

ఆయన పద్ధతి బడిపంతులు పద్ధతియే. కుడికాలు వాటమున్న బాలునిచే ఎడమకాలితో ఆడించుట, బంతిని తనయొద్దనే ఉంచుకొనక తోడివానికి వెంటనే అందించు నియమముతో పోటీలు పెట్టుట ఆయన పాఠములు. బలహీనమైన కాలు బలపడవలె, ఒక్కని గొప్ప కాక పదునొకండుగురి పొందిక గెలువవలె అన్నదే వాని సారాంశము. సికింద్రాబాదు ప్రాంతపు అమ్ముగూడ నుండి వచ్చిన తులసీదాస్ బలరాం అను పేద యువకునికి అభ్యాసమునకు వచ్చుటకై సైకిలు అద్దె తానే ఇచ్చినారు. ఆ యువకుడే 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో భారతదేశము తరఫున ఆడినాడు.

రహీం గారి త్రోవ పూలబాట కాదు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము వచ్చినను, మరుసటి యేడు హెల్సింకిలో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినది. మనవారిలో పెక్కుమంది వట్టికాళ్లతో ఆడినారు. ఆ పరాభవమును ఆయన పాఠముగా గైకొన్నారు. 1956లో మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2 తో ఓడించి, భారతదేశము నాలుగవ స్థానమును పొందినది.

తుదిఘట్టము 1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగినది. రహీం గారిని అప్పటికే క్యాన్సరు పీడించుచున్నది. వెనుక వరుసలో కావలి కాయు జర్నైల్ సింగు తల గాయపడి కుట్లు పడినవి. తలతో బంతిని అడ్డుట అపాయమని ఆయనను ముందు వరుసకు మార్చినారు. తుదిపోటీలో దక్షిణ కొరియాపై మనవారు 2-1 తో నెగ్గిరి. ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది ఆ జర్నైల్ సింగుదే! మరుసటి యేడు జూన్‌లో రహీం గారు కన్నుమూసినారు.

ఆ తరువాత ఆసియా క్రీడలలో భారతదేశమునకు ఫుట్‌బాల్ స్వర్ణము రాలేదు. ఒక్కని మరణముతో విద్య సన్నగిల్లినదనిన, లోపము పోయినవానిది కాదు. ఆయన వంటి పంతుళ్లను తయారుచేయని మనది. నిజాంసాగరములో పూడిక చేరి నీటి నిల్వ తగ్గిన సంగతి మన రైతులకు తెలియును. ఎంత గొప్ప కట్టడమైనను ఏటేట చూచుకొననిచో తరిగిపోవును.

కనుక గ్రామ పెద్దలకు మా మనవి యిది. బడికి ఒక చదునైన ఆటస్థలము, ఒక బంతి, వీటన్నిటికన్న ముఖ్యముగా ఏండ్ల తరబడి ఒకేచోట నిలుచు ఒక వ్యాయామోపాధ్యాయుడు కావలెను. ఆయనకు లెక్కల పంతులుతో సమానమైన కుర్చీ వేయుడు. అంతమాత్రముచేత పతకములు వచ్చునని మేము చెప్పజాలము. కాని మన పిల్లల ఎడమకాలికిని బలము వచ్చుననుట నిశ్చయము.