తప్పిన పరీక్ష – దొరకిన మందు
(దొరవారిసత్రంలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రసాయన శాస్త్రజ్ఞుడనగా మందులు కలుపువాడని మాత్రమే మనలో పెక్కుమంది తలంతురు. బావినీటిలో ఉప్పెంత, పొలములో భాస్వరమెంత యని తేల్చువాడును అతడే. మీ చెంతనున్న శ్రీహరికోటలో రాకెట్లకు ఘన ఇంధనము సిద్ధమగుటకును ఆ విద్యయే ఆధారము.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ రెండుమార్లు తప్పి, మూడవమారు గట్టెక్కిరి. 1925లో అమెరికాలో, ఫిస్కేగారితో కలిసి, భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. బోదకాలు వ్యాధికి నేటికిని మ్రింగించు డైఇథైల్ కార్బమజీన్ మందు 1947లో ఆయన నాయకత్వమున వెలువడినదే. రెండవమారు తప్పిననాడే ఇంటివారు చదువు మాన్పించియుండినచో?

పదవ తరగతి పిమ్మట ఇంటర్మీడియట్‌లో సైన్సు, ఆపై రసాయనశాస్త్రముతో బి.ఎస్‌సి., ఎం.ఎస్‌సి. చదివినవారికి మందుల కర్మాగారములందు, నీటి, భూసార పరీక్షా కేంద్రములందు, పరిశోధనాలయములందు పనులు గలవు. ఆడపిల్లలకును ఇది తగిన విద్యయే.

కావున సభ్యులారా, పాఠశాలలో ప్రయోగ సామగ్రి బీరువాకు తాళముపడి యున్నచో తీయింపుడు. ఈ యేడు పరీక్ష తప్పిన పిల్లల యిండ్లకు వెళ్లి, పనిలో పెట్టకమునుపే మరల పరీక్షకు కట్టింపుడు. వారిలో ఎవరు ఏమి కాగలరో మనకేమి యెరుక?