కొండతేనెటీగను కాల్చవద్దు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి పెద్దలు మాట్లాడారు. నేను తేనెటీగ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నీళ్ల ట్యాంకుల కింద, మేడల సన్‌షేడ్లకు పెద్ద తేనెతుట్టెలు వేలాడటం మీరు చూసే ఉంటారు. అవి పెట్టెల్లో పెంచే ఈగలు కావు, కొండతేనెటీగలు. శాస్త్రజ్ఞులు ఏపిస్ డార్సేటా అంటారు. నల్లమలలో కొండచరియలకు, ఎత్తైన చెట్లకు ఇవి ఒకే ఒక తుట్టె కడతాయి. అది మీటరు వెడల్పు దాకా పెరుగుతుంది. తొర్రలో దాగే అలవాటు లేదు గనుక వేలాది ఈగలు తుట్టెపై దుప్పటిలా కప్పుకుంటాయి. కందిరీగ వస్తే వరుసగా పొట్టలు పైకెత్తుతాయి, అల పారినట్లుంటుంది. వెన్నెల రాత్రుల్లోనూ మేతకు పోతాయి.

వీటికీ మనలాగే బదిలీలున్నాయి, టి.ఎ. బిల్లే లేదు! పూత తగ్గగానే తుట్టె వదిలి ఎంతో దూరం వలసపోతాయి. మళ్లీ కాలం వచ్చాక అదే చెట్టుకు తిరిగి రావడం కూడా శాస్త్రజ్ఞులు గమనించారు.

తేనె చెంచులకు జీవనాధారాల్లో ఒకటి. రైతుకు తేనెకంటె ఈగే ముఖ్యం. కర్నూలు, కడప పొలాల్లో పొద్దుతిరుగుడు వేస్తాం గదా! దాని నడుమనున్న ఒక్కొక్క చిన్న పువ్వు ఒక్కొక్క గింజ కావాలి. ఈగ పుప్పొడి మార్చకపోతే చాలా గింజలు తాలుపోతాయి. అడవి చెట్లు విత్తనం కట్టడానికీ ఈ ఈగలే సాయం. పూతమీద మందు కొట్టక తప్పకపోతే ఈగలు ఇల్లు చేరిన సాయంత్రం కొట్టమని పల్లెలోని మీ వాళ్లకు చెప్పండి.

తుట్టె కనబడగానే కిరోసిన్ గుడ్డతో కాల్చేయడం మన కాలనీల్లో రివాజైంది. దయచేసి మానండి. కొన్ని నెలలుండి తమంతట తామే పోతాయి. అంతవరకు పిల్లలను రాళ్లు వేయనీయకండి, కింద పొగ పెట్టకండి. మనుషులు మసలే చోటుంటే తెలిసినవారిని పిలిచి తీయించండి. ఒక ఈగ కుడితే ఆ వాసనకు మిగతావి కమ్ముకుంటాయి. చేతులు విసరక, ముఖం కప్పుకొని వెంటనే లోపలికి పోవాలి. ముల్లు తక్షణం తీసేయాలి. చాలా ఈగలు కుట్టినా, ఆయాసం, ముఖం వాపు వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి. ముఖ్యంగా మన వయసువారు.