బడి గుమ్మం దగ్గర అమ్మ

మన ఇళ్లలో చాలామందికి చదువు అక్షరాభ్యాసంతో మొదలవుతుంది. పళ్లెంలో పరిచిన బియ్యం మీద పిల్లాడి వేలు పట్టి పెద్దవాళ్లు అక్షరాలు దిద్దిస్తారు. ఆ తర్వాత ఆ వేలు పంతులుగారి చేతికి వెళ్లిపోతుంది. "కొట్టినా తిట్టినా ఇక మీదే భారం" అంటారు. అది నిర్లక్ష్యమని నేననుకోను. పంతులు పనిలో తలదూర్చకూడదన్న మర్యాద.

భాష కూడా వేరైతే ఇంటికీ బడికీ మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే తల్లి బడి మీటింగుకొచ్చి, గుమ్మం పక్కనే నిలబడి, తెలుగులో ఏమడిగినా "సరే సార్" అంటుంది. ప్రోగ్రెస్ కార్డు ఇంగ్లీషులో ఉంటుంది. ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేస్తుంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలంది. సగం మంది మహిళలు ఉండాలంది. కుర్చీ దొరికింది గానీ, ఆ కుర్చీలో కూర్చుని ఏ భాషలో మాట్లాడాలి?

ఈ చిక్కును గిడుగు రామమూర్తి పంతులు ఏనాడో పట్టుకున్నారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టి, ఆ భాషలోనే చదువు చెప్పించారు. ఏటా ఆగస్టు 29న ఆయన్ని వాడుక తెలుగు కోసం తలుచుకుంటాం. సవర బడుల ఊసు అరుదుగా వస్తుంది.

ఇప్పటి బడుల్లోనూ మీటింగు సంత రోజున పెట్టి, రెండు భాషలూ వచ్చిన ఊరి కుర్రాణ్ణి పక్కన కూర్చోబెడితే చాలు. ఆ తల్లి మధ్యాహ్న భోజనం గురించో, హాస్టల్లో జ్వరం గురించో తనంతట తానే అడుగుతుంది.