గోల్కొండ గోడల నడుమ గోల్ఫ్

గద్వాల కోటలో కాలేజీనీ, వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్‌నీ చూసిన మన పాలమూరు వాళ్లకు కోటలో గోల్ఫ్ అంటే మరీ వింత అనిపించదేమో! హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ మైదానం గోల్కొండ నయాఖిల్లాను ఆనుకునే ఉంది. మొగలుల ముట్టడి తర్వాత, 1656లో, అబ్దుల్లా కుతుబ్‌షా పెంచిన కోట భాగం అది.

ఆటకు 18 గుంటలు. ఒక్కోదాని వెడల్పు 108 మిల్లీమీటర్లే. కొన్నిచోట్ల నాలుగైదు వందల గజాల నుంచి బంతిని అందులోకి చేర్చాలి. ఎన్ని తక్కువ దెబ్బలైతే అంత గొప్ప. సంచిలో 14 కర్రలకు మించి ఉండకూడదు. ఏది ఎప్పుడు తీయాలో నాకైతే ఆ సంచి మోసే క్యాడీ చెప్పాల్సిందే. అక్కడ ఆడుతున్నంతసేపూ నా చూపేమో బంతి మీద నిలవలేదు. ఎటు తిరిగినా బురుజులు, నల్లటి గుండ్లు.

ఆట మాట అలా ఉంచి, నయాఖిల్లాలోని బావోబాబ్ చెట్టు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. స్థానికులు హతియాన్ కా ఝాడ్ అంటారు. పుట్టిల్లు ఆఫ్రికా, వయసు నాలుగు వందల ఏళ్లని చెబుతారు. కాండంలో మనుషులు దూరేంత తొర్ర.

ఇక్కడి పురావస్తు తవ్వకాల్లో కుతుబ్‌షాహీల తోట ఆనవాళ్లు బయటపడ్డాయి. కోటలోకి గోల్ఫ్ పచ్చిక విస్తరించడాన్ని చరిత్ర ప్రేమికులు తప్పుపట్టారు. ఆడి వచ్చినవాణ్ణే అయినా, నాకు వాళ్ల మాటే సబబనిపించింది.